అత్త తవ్వనివ్వలేదు

మా మేనత్త పోయిన కబురు తిరువళ్లూరులో ఆఫీసులో ఉండగా అందింది. "అన్నా, అత్త పోయింది. పొద్దున టీ పెట్టుకుంటా అట్నే కూలబడిపోయిందంట. నువ్వు బయలుదేరు" అన్నాడు తమ్ముడు. సరేనన్నాను. చేతిలో ఉన్న పని ముగించి, టిఫిన్ బాక్సు కడుక్కుని, తిరుత్తణి బస్సెక్కాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

అత్తకు పిల్లల్లేరు. మామ పోయాక తిరుత్తణి దగ్గరి మా ఊళ్లోనే ఉండి రెండు పాడి ఆవులతో బతికింది. మాతో తెలుగు, ఆవులతో అరవం మాట్లాడేది. ఎందుకని అడిగితే, "అరవమోళ్ల దగ్గర కొన్నవి కదా, వాటి బాస వాటికుంటాది" అనేది. ఆవులకు ఇన్సూరెన్స్ చేయించమని నాన్న పోరితే, అందుకు వాటి చెవికి బిళ్ల కుట్టాలని తెలిసి ఊరుకుంది. "నాకు చెవులు కుట్టిన నొప్పే ఇంకా గుర్తుండాది. నోరు లేనిదానికెందుకు?"

ఒక ఏడు తుఫాను వానకు కొట్టం గోడ కూలి రెండు ఆవులూ చనిపోయాయి. ఒక పెయ్య మాత్రం మిగిలింది. వాన ఆగలేదు, కుక్కలు చేరుతున్నాయి. అత్త వాటిని చేలో పూడ్పించింది.

వాన వెలిశాక నష్టాలు రాసుకోవడానికి ఊరి గ్రామాధికారి, వీఏఓ వచ్చాడు. ఇన్సూరెన్స్ లేని పశువులకూ ప్రభుత్వం నివారణం పేరుతో నష్టపరిహారం ఇస్తుందని, అయితే పశువుల డాక్టరు చూసి రాసివ్వాలని చెప్పాడు. "పూడ్చేసినారా? తవ్వి చూపియ్యండమ్మా. డాక్టర్ని నేనే పిలుచుకొనొస్తా" అన్నాడు. మంచికే అన్నాడు.

నాన్న పారలతో మనుషుల్ని తీసుకొచ్చాడు. అత్త వెళ్లి ఆ మట్టి మీద కూర్చుంది.

"లెయ్యి. ఆ దుడ్డొస్తే ఇంకో ఆవును కొనుక్కోవచ్చు" అన్నాడు నాన్న.

"వద్దన్నా. పసుపు పూసి పండబెట్టినాను. మళ్లా లేపొద్దు."

"రేపట్నించి యాడ పోయి బతుకుతావు?"

"చూస్తాంలే."

నాన్న విసురుగా వెళ్లిపోయాడు. ఊళ్లో నష్టపోయిన అందరికీ నివారణం వచ్చింది, అత్తకు తప్ప. పెయ్య ఎదిగి ఈనేదాకా ఆమె తిరుత్తణి కొండ కింద ఒక పూలంగట్లో మాలలు కట్టింది. నాన్న ఆమెతో మాట్లాడలేదు.

తర్వాతి వానాకాలంలో పిడుగు పడి పక్కింటి అక్క మేకలు పోయాయి. ఆమె ఏడుస్తూ గుంత తవ్వించబోతే అత్తే ఆపింది.

"ఉండు పాపా. నా మాదిరి చెయ్యబాక. నీకు బిడ్డలుండారు."

డాక్టరు వచ్చేదాకా గోనెపట్ట కప్పుకుని, కర్రతో కుక్కలను అదిలిస్తూ, వానలో ఆ మేకల దగ్గరే నిలబడింది. నాన్న మా గుమ్మంలో నుంచి చాలాసేపు చూశాడు. తర్వాత గొడుగు తీసుకుని వెళ్లి చెల్లెలి పక్కన నిలబడ్డాడు. ఆ అక్కకు నివారణం వచ్చింది.

అత్త ఆవులను తవ్వనివ్వకపోవడం సరో కాదో నాకిప్పటికీ తెలియదు. ఆమె ఆ వానలో నిలబడడం చూశాను, అది చాలు.

నిన్న అంతా ముగించుకుని అత్త ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. రోజూ అత్త పాలు పోసే వ్యాన్ వచ్చి వీధి చివర ఆగింది. డ్రైవరుకు విషయం తెలియదు. హారన్ కొట్టాడు. కాసేపాగి మళ్లీ కొట్టాడు. ఇంట్లో అంతమందిమి ఉన్నాం, ఎవరమూ కదల్లేదు. కొట్టంలో ఆవు ఒక్కటే తలెత్తి వీధివైపు చూసింది.