లింబాయత్‌లో ఊడని ఆయిల్ ఫిల్టర్

మా తమ్ముడు గంగాధర్ కాలు విరిగిందని సూరత్ నుంచి ఫోన్ వచ్చింది. మూడో రోజు ఇంకో ఫోన్: ఆదివారం కల్లా గది ఖాళీ చేయమన్నారని. పద్నాలుగేళ్లు అక్కడ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసినవాడు, బట్ట తాను ఒకటి మోస్తూ కార్ఖానా మెట్ల మీద జారిపడ్డాడు. గది కార్ఖానా యజమానిదే. పనిలో లేనివాడికి గదెందుకు అన్నాడట. ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. తొడ దాకా సిమెంటు పట్టీ ఉన్న మనిషి రైలెట్లా ఎక్కుతాడు? వాడు కొనుక్కున్న పాత చిన్న కారు అక్కడే ఉంది. కోరుట్లలో పదేళ్లుగా కిరాయి కారు నడుపుతున్నదాన్ని, నేనే పోయి వాడిని ఆ కారులో తీసుకొస్తానన్నాను.

గురువారం మధ్యాహ్నం బస్సెక్కి మంచిర్యాల చేరి, రాత్రి ఎనిమిది దాటాక అహ్మదాబాద్ వైపు పోయే బండెక్కాను. స్లీపర్‌లో పై బెర్తు దొరికింది. కింద బెర్తులో సిరిసిల్ల ఆమె, సూరత్‌లోనే పర్వత్ పాటియాలో చీరల మడతల పనికి పోతోంది. ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం నాకూ పెట్టింది. నేను పోతున్న పని చెప్పాను.

"కారు నువ్వే నడుపుతవా చెల్లె? అంత దూరం?"

"నేనే నడుపుత అక్కా."

"అయితే బండి పని నీ కండ్ల ముందట చేపిచ్చుకో. నా మాటిను."

శుక్రవారం ఒంటిగంటన్నరకు సూరత్‌లో దిగాను. స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కితే లింబాయత్ దాకా నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చోవాలి. సామాను తక్కువుంటేనే ఎక్కండి. తమ్ముడు మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు, గడ్డం పెరిగి. దూరప్రయాణం కదా అని బుధవారమే కారును ఆయిల్ మార్చడానికి గ్యారేజీలో పెట్టించానన్నాడు. వద్దంటున్నా వాడూ ఆటోలో వెంట వచ్చాడు.

నాలుగింటికి గ్యారేజీలో కారు చూసి నిలబడిపోయాను. పాత ఆయిల్ దించేశారు. ఆయిల్ ఫిల్టర్ డబ్బాలో స్క్రూడ్రైవర్ అడ్డంగా దిగ్గొట్టి తిప్పబోయారు. రేకు చినిగి ముక్కలై వేలాడుతోంది. ఫిల్టర్ అడుగు పళ్లెం మాత్రం ఇంజన్‌కు అలాగే అతుక్కుని ఉంది.

గ్యారేజీ యజమాని నన్ను చూడకుండా తమ్ముడితో హిందీలో చెప్పాడు. "ఫిల్టర్ జామ్ భాయ్. ఇంజన్ దించాలి. నాలుగు రోజులు."

"పోయినసారి ఎవరు బిగించారు?" అని నేనడిగాను.

"మేమే."

"దేనితో?"

"పానాతో. గట్టిగా ఉండాలి కదా."

ఫిల్టర్ రబ్బరు రింగుకు కాస్త ఆయిల్ పూసి చేత్తో బిగించాలి, అంతే. పొడి రబ్బరును పానాతో అదిమితే ఇంజన్ వేడికి అది అక్కడే ఉడికి అతుక్కుపోతుంది. కిరాయి బండి నడిపే నాకు తెలిసింది, బయట ఇంత పెద్ద బోర్డు పెట్టుకున్నవాడికి తెలియదా? తన చేత్తో చెడగొట్టి, ఇప్పుడు ఇంజన్ దించాలంటాడు! నేను గొంతు పెంచాను. అప్పుడు మొదటిసారి నావైపు చూసి, "బెహన్‌జీ, మీరు ఇంటికెళ్లండి, మేం భాయ్‌తో మాట్లాడతాం" అన్నాడు. వచ్చిన కోపానికి నాకు హిందీ మాటలు తట్టలేదు. తెలుగులోనే తిట్టాను.

తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. "పోనీ అక్కా. మనం బయటోళ్లం."

"పద్నాలుగేండ్లు వీళ్ల ఊర్ల బట్ట నేసినవ్. ఇంకెన్నేండ్లకు లోపలోడివైతవ్?"

వాడు తల దించుకున్నాడు. ఆ గ్యారేజీవాడి మీద కంటే వాడు అట్లా తల దించినందుకు నాకు ఎక్కువ మంట.

తమ్ముడి సందులోనే నర్సయ్య కాక ఉంటాడు, జగిత్యాల దగ్గరి మనిషే, సాంచాలు బాగుచేసే పని. ఆ సాయంత్రం విషయం చెప్తే, "బండిని ఇటు తీసుకరా బిడ్డా, చూద్దాం" అన్నాడు. శనివారం పొద్దున ఏడింటికి సాంచాల రాత్రి షిఫ్ట్ దిగిన ఆరుగురిని వెంటేసుకుని గ్యారేజీకి వచ్చాడు. ఇంజన్‌లో ఆయిల్ లేదు కాబట్టి స్టార్ట్ చేయకూడదు. యజమాని "తీసుకెళ్తే మళ్లీ నా దగ్గరికి రావద్దు" అని అరుస్తుంటే ఆరుగురూ కారును బయటికి నెట్టారు. నేను స్టీరింగ్ పట్టుకున్నాను. రాత్రంతా నిలబడి పనిచేసినవాళ్లు. సందు మొదట్లో ఒకతను చెప్పు తెగితే తీసి పక్కన పడేసి వట్టి కాలితో నెట్టాడు.

సందులో కారు ముందు వైపు జాకీతో లేపి, చెక్క దిమ్మలు పెట్టి కిందికి దూరాను. కాక భుజాలు వెడల్పు, ఆయనకు పట్టదు. చినిగిన రేకు కత్తిరించి, లోపలి కాగితం పీకేస్తే అడుగు పళ్లెం చుట్టూ చిన్న రంధ్రాలు కనిపించాయి. అంచున కిరోసిన్ చుక్కలు వేసి గంటసేపు వదిలేశాం. ఈలోగా కాక ఇనుప పట్టీ ఒకటి తెచ్చి, ఎదురెదురు రంధ్రాల్లో దిగేలా దానికి రెండు బోల్టులు బిగించాడు. దాన్ని ఆనించి తిప్పితే ఒక బోల్టు వంగిపోయింది. మోచెయ్యి గీరుకుని రక్తం కారింది. కాక పోయి లావు బోల్టులు వేసుకొచ్చాడు.

"జర నిమ్మలంగ బిడ్డా. గుంజకు, బరువు పెట్టు."

బరువు పెట్టాను. టక్‌మంది. పళ్లెం విరిగిందేమో అనుకున్నాను. విరగలేదు. తిరిగింది. ఆ తర్వాత వేళ్లతోనే ఊడొచ్చింది. తీసి చూస్తే అంచు మీద పోయినసారి పానా పళ్లు కొరికిన గాట్లు వరసగా ఉన్నాయి. ఇంజన్ వైపు తుడిచి, తెప్పించిన కొత్త ఫిల్టర్ రింగుకు ఆయిల్ పూసి, చేత్తో బిగించి, ఆయిల్ పోసి స్టార్ట్ చేశాం. కింద చుక్క పడలేదు.

పదకొండింటికి నేరుగా గ్యారేజీకే పోయాను. ఆ పళ్లెం యజమాని బల్ల మీద పెట్టి గాట్లు చూపించాను. "ఊడింది కదా, ఇంకేం గొడవ?" అన్నాడు. క్షమించమన్న మాట నోటి నుంచి రాలేదు. కానీ తన బండి కోసం వరసలో కూర్చున్న ఒక గుజరాతీ పెద్దాయన పళ్లెం తీసుకుని తిప్పి తిప్పి చూసి, "నా కారుకూ పానాతోనే పెట్టావా?" అని అడిగాడు. పళ్లెం ఆయన చేతిలోనే వదిలేసి నేను వచ్చేశాను.

ఆదివారం పొద్దున అయిదింటికి బయలుదేరాం. వెనక సీటంతా తమ్ముడి కాలికే. వ్యారా దాటాక చాయ్, నవాపూర్ తర్వాత రోడ్డు పక్కన ఉప్మా, పదకొండింటికి ధూలే. ఆగిన ప్రతిచోటా వంగి ఇంజన్ కింద చూశాను. సూరత్ ఎట్లుందని అడిగేవాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ. నదీ చూడలేదు, బజారూ చూడలేదు. చేసిన తప్పు ఒప్పుకోని మనిషిని ఒకణ్ని చూశాను. నిద్ర మానుకుని కారు నెట్టిన ఆరుగురిని చూశాను. వాళ్లంతా ఉండేది ఒకటే ఊళ్లో అన్నది నాకు ఇంకా మింగుడు పడదు.

సాయంత్రం ఆరున్నరకు జాల్నాలో లాడ్జి. కౌంటర్ మనిషి పైఅంతస్తు తాళంచెవి ఇచ్చాడు. కింది గది ఖాళీగానే ఉంది, అది వేరేవాళ్లకట. లిఫ్ట్ లేదు. నేను నోరు తెరిచేలోపు తమ్ముడు చంకకర్రల మీద ముందుకొచ్చి, అక్కడున్న కుర్చీలో కూర్చుని, పట్టీ కాలు గుమ్మానికి అడ్డంగా చాపాడు.

"కింద గదే కావాలె. ఇచ్చేదాకా ఈడికెల్లి లేవ" అని ముందు తెలుగులో, ఆ తర్వాత హిందీలో చెప్పాడు. కాలు మాత్రం తీయలేదు.

పది నిమిషాల తర్వాత కింది గది తాళంచెవి వచ్చింది. వాడే చెయ్యి చాపి తీసుకున్నాడు.