ఫ్రాన్సిస్ వంతు

నిన్న పనమ్మాయి పిండేసిన నిమ్మచెక్కలతో భోజనాల బల్ల రుద్దుతుంటే, ఆ వాసనకు డైసీ మిస్ గుర్తొచ్చింది. డెబ్బైల చివర్లో రేణిగుంట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే ఉద్యోగుల క్లబ్బులో, ఉన్న బార్లో బల్లలన్నీ అలాగే తుడిచేవారు. బారేమిటి, నేనేమిటి అనుకోకండి. నేను వడమాలపేట నుంచి వచ్చి రైల్వే కాలనీ బళ్లో టీచరుగా చేరాను. పక్క క్వార్టరులో ఉండే డైసీ మిస్ ఆంగ్లో ఇండియన్, అదే బళ్లో టీచరు. బెత్తం ముట్టకుండా పిల్లల్ని దారికి తేవడం నాకు ఆమే నేర్పింది.

శనివారం సాయంత్రాలు ఆమె ఆ బార్లో బ్లూస్ పాడేది. బ్లూస్ అంటే ఏమిటని అడిగాను.

"మీ పక్క సావింట్లో ఆడోళ్లు ఏడస్తా పాడతారే, అట్లాంటిదే. ఈడ చేతిలో గ్లాసుంటాది, అంతే" అని నవ్వి నన్ను లాక్కెళ్లింది. మా నాయనకు తెలిస్తే తోలు వలిచేవాడు.

గోడ పక్కన సోడా తాగుతూ కూర్చున్నాను. గిటారు, డ్రమ్ములు, మధ్యలో ఆమె. ఒకే మాటను రెండుసార్లు పాడేది, దానికి గిటారు జవాబు చెప్పేది. చివరి పాటలో మాత్రం ఆమె పాడి ఆగగానే అందరూ వాయించడం ఆపేశారు. తాగేవాళ్లు కూడా గ్లాసులు కదపలేదు. అప్పుడు ఆమె ఎడమ పక్క నుంచి ఎవరో నిండుగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. ఏదో ఊదబోయే మనిషి పీల్చే ఊపిరి అది. స్వరం మాత్రం రాలేదు. కాసేపాగి ఆమే మళ్లీ అందుకుంది.

ఇంటికి నడుస్తూ అడిగాను, "అంత ఊపిరి పీల్చి ఆయన ఎందుకు వాయించలేదు మిస్?"

ఆమె నడక ఆపింది. "ఎవురు?"

"మీ ఎడమ పక్క ఉన్నాయన."

"ఆపక్క ఎవురూ లేరమ్మణ్ణీ. అది ఫ్రాన్సిస్ వంతు."

ఫ్రాన్సిస్ ఆమె భర్త, గూడ్సు బండి గార్డు. ఆ బ్యాండులో మౌత్ ఆర్గాన్ వాయించేవాడు. నేను రావడానికి చాలా ముందే డ్యూటీలో గుండె ఆగి పోయాడు. అప్పటి నుంచి ఆ పాటలో అతని వంతు అలా వదిలేస్తున్నారట. ఆమె మొహంలో భయం లేదు, అసూయ ఉంది.

"ఇన్నేండ్లుగా చెవులు రిక్కించుకోని ఉండాను. నాకు ఒక్కతూరి గూడా ఇనపడలే. నీకు ఇనిపించినాడా" అంది మెల్లగా.

ఆ తర్వాత ప్రతి శనివారం నన్ను వెంటబెట్టుకుపోయేది. పాట కాగానే నావైపు చూసేది, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఒకసారి జాలేసి, వినబడిందని చెప్పబోయాను. నా వాలకం చూసి ముందే చెయ్యెత్తింది.

"వద్దమ్మణ్ణీ. ఆయన వంతు నువ్వు వాయించొద్దు."

గొంతు పోయేదాకా ఆమె అక్కడే పాడింది. ఆమెకు ఎప్పటికైనా వినబడిందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఈ ఏడు మా ఆయన పోయారు. పలకరించడానికి వచ్చినవాళ్లు ఆయన ఇలా అనేవారు, ఇప్పుడుంటే అలా అనేవారు అంటూ ఆయన మాటలు కూడా వాళ్లే చెప్పి వెళ్లారు. రోజూ పొద్దున ఫ్యాను ఆపి, "కాఫీ కలపనా?" అని అడుగుతాను. ఏ చప్పుడూ చెయ్యకుండా నిలబడతాను. ముఖం కూడా ఎరగని మనిషి ఊపిరి విన్న చెవులే ఇవి. నాతో కాపురం చేసిన మనిషిది ఇంకా వినబడలేదు.

రేపూ అడుగుతాను.