బెర్త్ కింద పట్టే సామాను

మా ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా మా నాన్న ముందుగా అడిగేది ఒక్కటే: బెర్త్ కింద పడుతుందా? రంగు తర్వాత, ధర తర్వాత, అసలది పనిచేస్తుందా లేదా అన్నది ఇంకా తర్వాత. మా తాతయ్య శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చినప్పటి నుంచీ మావాళ్ళు "ఊరెళ్ళిపోయినప్పుడు" అంటూనే ఉన్నారు. ఎప్పుడో ఒకప్పుడు రైలెక్కేస్తాం కనక సామానంతా రైలెక్కేలాగే ఉండాలి. అందుకే మా క్వార్టర్లో బట్టలన్నీ రేకు పెట్టెల్లో ఉంటాయి. కుట్టుమిషను చేత్తో తిప్పేది. పెళ్ళైన కొత్తలో అమ్మ అద్దం బీరువా అడిగిందట. మేకుకు తగిలించే అద్దం వచ్చింది.

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఏ తెలుగింటి పెళ్ళి జరిగినా ఆ తలంబ్రాలు ఆఖరికి నా ల్యాప్‌టాప్‌లో పడాల్సిందే. పాపం, దానికి వయసైపోయింది. పెళ్ళికూతురు నవ్వబోయి, సిగ్నల్ దొరకని గూడ్సు బండిలా మధ్యలోనే ఆగిపోయేది. ఆ సగం నవ్వుల్ని చూస్తూ నేను టీ తాగేదాన్ని. ఇక లాభం లేదని, ఒక్కో భాగం ఏరుకుని కంప్యూటర్ కట్టించుకుందామనుకున్నాను.

ఆ ఏరుకోవడం ఎంత సుఖంగా ఉండేదో! మధ్యాహ్నం అన్నం తిని, గచ్చు మీద చాప వేసుకుని, ఫోన్లో ప్రాసెసర్లు చూస్తూ పడుకునేదాన్ని. పైన ఫ్యాను, ఎక్కడో దూరంగా యార్డులో రైలు పెట్టెలు కలుపుతున్న చప్పుడు. ర్యామ్ ముప్పై రెండు సరిపోతుందా, అరవై నాలుగు వేయించాలా అనుకుంటూనే నిద్రలోకి జారిపోయేదాన్ని. ఒకసారి కలలో మేమంతా రైల్లో ఉన్నాం. బెర్త్ కింద రేకు పెట్టెల మధ్య నా కంప్యూటర్ నీలంగా వెలుగుతోంది. స్టేషన్లు వస్తున్నాయి, పోతున్నాయి, మా ఊరు మాత్రం రావడం లేదు. అమ్మ కిటికీ పక్కన కూర్చుని జంతికలు తింటోంది. ఎవరికీ దిగాలన్న తొందర లేదు. మెలకువ వచ్చాక కూడా ఆ నీలం వెలుగు గచ్చు మీద కాసేపు ఉన్నట్టే అనిపించింది.

అలాంటి కల ఊరికే రాలేదు. తాతయ్య చేసిన వర్క్‌షాపులోనే చేస్తున్న నాన్నకి రిటైర్మెంటు దగ్గరపడింది. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. "ఊరెళ్ళిపోయినప్పుడు" అన్న మాట ఇన్నాళ్ళకి నిజం కాబోతోంది. నాకేమో ఈ ఊరు వదలాలని లేదు. నా పని ఇక్కడ, నా మనుషులు ఇక్కడ. ఆ పల్లెలో నాకు తెలిసిందల్లా వేసవి సెలవుల్లో తిన్న ముంజెలు. ఆ సంగతి నాన్నతో అనడానికి నోరు రాలేదు. తాతయ్య నాటి నుంచి వస్తున్న మాటను నేనెలా కాదంటాను?

గోల్ బజార్లో కంప్యూటర్ భాగాలు అమ్మే బెంగాలీ దాదాకి నా అవసరం బాగా తెలుసు. నేను ఎంచుకున్న గ్రాఫిక్స్ కార్డు పొడుగు, ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ ఎత్తు. "ఛోటా మత్ లో దీదీ, గరమ్ హో జాయేగా," అన్నాడు. నిజమే, మా మే నెల వేడికి గాలాడని చిన్న క్యాబినెట్ పెట్టెలో బిగిస్తే ఈ భాగాలన్నీ ఉడికిపోతాయి. పెద్దదే కావాలి. దాచుకోవడమెందుకు, అది బెర్త్ కింద పట్టకపోవడమే నాకు అన్నిటికంటే నచ్చింది. నోటితో చెప్పలేనిది క్యాబినెట్‌తో చెప్పిద్దామనుకున్నాను. బెర్త్ గొడవంతా చెబితే దాదా పగలబడి నవ్వాడు.

ఆదివారం నాన్నని షాపుకి తీసుకెళ్ళాను. బెర్త్ కింద ఎంత చోటుంటుందో ఆయన చేతికి తెలుసు: జానెడు, పైన బెత్తెడు. కౌంటర్ మీద నిలబెట్టిన నల్లటి క్యాబినెట్‌కి కింద నుంచి జాన వేసుకుంటూ వెళ్ళాడు. రెండు జానలు దాటింది.

"పట్టదు నాన్నా," అన్నాను, దిగులుగా మొహం పెట్టి.

బేరం పోతుందేమోనని దాదా కంగారుపడ్డాడు. క్యాబినెట్‌ని ఎత్తి, పక్కకి పడుకోబెట్టేశాడు. "అబ్ దేఖియే కాకూ!" అంటూ నాన్నని మళ్ళీ కొలిచి చూడమన్నాడు.

ఇన్ని నెలలు దాని పొడుగూ వెడల్పూ చూసి చూసి కూడా నాకు ఆ ఆలోచనే తట్టలేదు. నాన్న మళ్ళీ జాన వేశాడు. చిటికెన వేలు సరిగ్గా పై అంచు దగ్గర ఆగింది. పైన ఇంకా బెత్తెడు మిగులు. శుభ్రంగా పడుతుంది. నాకూ కనబడింది, దాదాకీ కనబడింది.

నాన్న చెయ్యి వెంటనే తియ్యలేదు. దాని మీద అలాగే ఉంచి, రోడ్డు మీద వెళ్ళే సైకిళ్ళని చూశాడు.

"పట్టదు," అన్నాడు.

"హో జాయేగా కాకూ..." పడుతుందని దాదా చెప్పబోయాడు.

"పట్టదన్నాను గదా!" దాదా మీద తెలుగులోనే విసుక్కుని, నా వైపు తిరిగాడు. "ఇదే తీసుకోమ్మా. పట్టందే తీసుకో."

తిరిగి వచ్చేటప్పుడు బ్యాటరీ రిక్షా, ఇక్కడి మాటలో టోటో, ఎక్కాం. అట్టపెట్టె మా ఇద్దరి మధ్యా కూర్చుంది. సాయంత్రపు ఎండ పల్చగా టోటోలోకి వస్తూ పోతూ ఉంది. ఇంటివైపు తిరగాల్సిన చోట నాన్న టోటో అతన్ని పూరీ గేట్ వైపు పొమ్మన్నాడు.

"ఏటి నాన్నా, ఇటెందుకు?"

"అద్దెకి ఇల్లొకటి సూసినాను. మీ అమ్మకింకా సెప్పలేదు. ఊరెల్లి ఎవులతో మాటాడతానే? నా సావాసగాల్లందరూ ఇక్కడే గదా."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అట్టపెట్టె మీద తల ఆనించి దాచుకున్నాను. ఆయన చూడనట్టే పెట్టె జారకుండా పట్టుకున్నాడు.

"గుమ్మం ఎత్తుగానే ఉందమ్మా," అన్నాడు. "జాన ఏసి మరీ కొలిసినాను. అద్దం బీరువా పడుకోబెట్టక్కర్లేదు, నిలబెట్టే లోపలికి తీసుకెల్లొచ్చు."