మద్రాసు దోవకి ఒక నాపరాయి

మేస్త్రీ పోయాడన్న కబురు బుధవారం పొద్దున నాకు కోర్టు వరండాలో తెలిసింది. ఆయన బావమరిది వచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకుని, "కోడికూత వేళ గుండెల్లో నొప్పన్నాడండీ. అంతే. సాయంత్రం నమాజు అయినాక తీసకపోతాం" అన్నాడు. నేను వెంటనే, "మరి సోమవారం మద్రాసు పోవాలే! సామాను ఎవరు సర్దుతారు?" అన్నాను. ఏమన్నానో అన్న తర్వాత గానీ నాకే తెలియలేదు. ఆ మనిషి తప్పు పట్టలేదు. "మీ బండి సంగతి నిన్న గూడా తలుచుకున్నాడండీ" అని వెళ్ళిపోయాడు. నేను చేతిలో కాగితాల కట్టతో ఏ కోర్టు హాల్లోకి పోవాలో మర్చిపోయి అక్కడే నిలబడ్డాను.

పాఠకులకు ఆయనెవరో చెప్పాలి. నరసరావుపేట రైలు కట్ట పక్కన రేకుల షెడ్డులో బస్సులు బాగుచేసే మేస్త్రీ. బస్సుల వాళ్ళంతా ఆయన మాటకు ఎదురు చెప్పరు. నా కారు బస్సు కాదు, అసలు కారని కూడా అనలేం. ఓడెక్కి వెళ్ళిపోతున్న ఒక తెల్ల ఇంజనీరు దగ్గర నేను మోజుపడి కొన్న పాత రేసు బండి. రెండే సీట్లు, మోకాలెత్తు తలుపులు, చిల్లులు పడిన మడత టాపు. వెనక ఉన్న పెట్టెలో ఒక పరుపు చుట్ట పడితే ఇంకేమీ పట్టదు. మా ఆవిడ దాన్ని తొట్టి అంటుంది. మేస్త్రీ మొదటిసారి దాని చుట్టూ రెండుమార్లు తిరిగి, "వకీలు గారూ, దీన్ని ఎక్కుతారా, తొడుక్కుంటారా?" అని అడిగాడు. నా ఒళ్ళు చూసే అడిగాడని నాకు కోపం వచ్చింది.

మా ఆవిడ రెండు కళ్ళకూ శుక్లాలు. పోయినేడు మొదటి కన్నుకు మద్రాసులో ఆపరేషన్ కుదిరింది. ఫలానా రోజు పొద్దున్నే రావాలి, ఆ రోజు తప్పితే డాక్టరు దొర మళ్ళీ ఆరు నెలలకు గానీ దొరకడన్నారు. రైల్లో బొగ్గు నుసి కళ్ళలో పడుతుంది కాబట్టి కార్లోనే పోదామన్నాను. నిజం చెప్పాలంటే ఆ బండిని అంత దూరం తోలాలని నా ఉబలాటం. "బొగ్గు నుసి సరే, దోవలో దుమ్ము సంగతి ఏందండీ?" అన్నాడు మేస్త్రీ. ఆ ఆలోచన నాకు రాలేదని ఎలా చెప్పను? ఆయనే ఆవిడ ముఖానికి కట్టుకోను పల్చటి గుడ్డ ఒకటి తెచ్చాడు.

ప్రయాణానికి ముందు రోజు మా వాకిట్లో జంపఖానా పరిచి సామానంతా దాని మీద పేర్చాడు. ఆయన సర్దే పద్ధతి వేరు. "బండికి కాదండీ, దోవకి సర్దాలి" అనేవాడు. జంపఖానా ఈ చివర నరసరావుపేట, ఆ చివర మద్రాసు. చిలకలూరిపేట దాటే దాకా అక్కర్లేనిది దూరంగా, ముందు కావలసింది దగ్గరగా. ఇంజను ముందు వేలాడదీసే నీళ్ళ సంచి మా కాళ్ళ దగ్గరే. రెంటచింతల ఎండలో ఒకసారి ఆ బండి ఆవిర్లు కక్కి నన్ను నడిపించింది కాబట్టి దాని గురించి నేను వాదించలేదు. రెండు ట్యూబులు, గాలి పంపు, జాకీ, తీగ చుట్ట, ప్లగ్గులు. తర్వాత ఒక బట్టల సబ్బు, ఒక పసుపు పొట్లం. "పసుపు నాకా అన్నా?" అని అడిగింది మా ఆవిడ. "నీకు కాదమ్మా, బండికి. ఇంజను నీళ్ళ డబ్బా కారితే పసుపు పోయాల. పెట్రోలు టాంకీ చిల్లి పడితే సబ్బు రాయాల" అన్నాడు. ఇవన్నీ నాచేత రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు. బండిలో మూడో సీటు లేదు, ఆయన రాలేడు మరి.

అన్నిటికీ కారణం చెప్పినవాడు ఒక్కదానికి చెప్పలేదు. జానెడు పైన పొడవు, రెండు వేళ్ళ మందం ఉన్న నాపరాయి పలక. దాన్ని జంపఖానాలో ఒంగోలు ఉండవలసిన చోట పెట్టాడు. ఆయన వెళ్ళగానే నేను దాన్ని తీసి మెట్ల పక్కన పడేశాను. ఆ జాగాలో రెండు లావుపాటి లా పుస్తకాలు పెట్టాను. మద్రాసులో ఒక పెద్ద వకీలుతో ఒక పాయింటు మాట్లాడాలని నా గొప్ప. "అన్న పెట్టింది తీయమాకండి" అంది ఆవిడ. "రాళ్ళు మోసుకుపోతామా? రోడ్డు మీద రాళ్ళకేం కరువు?" అన్నాను. పల్నాటి వాడు అనవలసిన మాటే. మా ఊళ్ళలో పలుగు ఎక్కడ వేసినా ఖంగుమంటుంది.

చిలకలూరిపేట దాటి చానా దూరం పోయాక, వాన కురిసి వెలిసిన నల్లరేగడిలో వెనక టైరు పేలింది. జాకీ పెట్టి తిప్పితే బండి పైకి లేవడానికి బదులు జాకీ కిందికి దిగింది. అప్పుడు తెలిసింది నాపరాయి ఎందుకో. అటూ ఇటూ ఫర్లాంగు నడిచాను. మట్టి బెడ్డలు తప్ప గులకరాయి కూడా లేదు. దేశమంతా పల్నాడే అనుకున్నాను కాబోలు. రోడ్డు పక్కన చాప మీద కూర్చున్న ఆవిడ, "ఏం వెతుకుతున్నారు?" అని అడిగింది. రాయి అని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. "ఏం లేదు, గాలి కోసం" అన్నాను. మర్నాడు పొద్దున్నే ఆస్పత్రిలో ఉండాలి. ఆవిడ కన్ను పోగొట్టేది శుక్లం కాదు, నేనే అనిపించింది. చివరికి లా పుస్తకాలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి మీద జాకీ నిలబెట్టాను. లేచింది.

సమయానికే చేరాం. ఆస్పత్రి మెట్ల దగ్గర సామాను దించుతుంటే ఆవిడ, "నా కాళ్ళ కింద గోనెపట్టాలో చుట్టి ఎత్తు పెట్టాడు అన్న, అది కూడా తీయండి, లోపల పనికొస్తుంది" అంది. విప్పితే నాపరాయి! బయల్దేరే రోజు సాగనంపను వచ్చిన మేస్త్రీ మా ఇంటి మెట్ల పక్కన దాన్ని చూసి, నాకు చెప్పకుండా ఆవిడ కాళ్ళ కింద పెట్టాడన్నమాట. దారి పొడుగునా ఆవిడ పాదాల కింద అది ఉంది, నేను దాని కోసం ఫర్లాంగులు నడిచాను. పెద్ద వకీలు గారి ఊళ్ళో, ఆస్పత్రి ముందు, రాయి పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు.

తిరిగొచ్చాక మేస్త్రీ ముందు ఆవిడ కన్ను ఎట్లా ఉందో అడిగి, తర్వాత, "చెబితే మళ్ళీ దించేస్తారని అమ్మ కాళ్ళ కింద పెట్టా. రాయి పనికొచ్చిందా?" అన్నాడు. "ఎందుకు రాలేదు? దాని మీదే గదా జాకీ ఎత్తింది" అన్నాను. ఎందుకు అబద్ధం ఆడానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. కోర్టులో పది మందిని నిలదీసేవాణ్ణి. కొన్నాళ్ళకు మా ఇంటికి వచ్చి, బల్ల మీది లా పుస్తకం అట్ట మీద గుండ్రంగా పడిన జాకీ నొక్కును వేలితో తడిమాడు. చదువు రానివాడు, పుస్తకాలతో పనిలేనివాడు, ఒక్క ఆ చోటే తడిమాడు. "మంచి గట్టి పుస్తకమండీ" అని మాత్రం అన్నాడు. తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా? అడుగుదాం, చెబుదాం అనుకుంటూనే ఏడాది గడిపాను. రాయి మాత్రం ఆ రోజు నుంచీ బండిలోంచి దించలేదు.

బుధవారం సాయంత్రం వాళ్ళ ఖబరస్తానుకు కార్లోనే వెళ్ళాను. ఆయన్ని దించి పైన నాపరాళ్ళు అడ్డంగా పేరుస్తున్నారు. తలవైపు చివరి పలక కాస్త పొట్టిదై సందు మిగిలింది. బావమరిది ముక్క కోసం చుట్టూ చూశాడు. నేను పరుగెత్తి బండిలోంచి ఆ రాయి తెచ్చాను. "ఈడ చానా ఉన్నాయి గదండీ రాళ్ళు" అన్నారెవరో. ఉన్నాయి, పల్నాడే గదా. కానీ నా చేతుల్లో అదే ఉంది. బావమరిది రెండు చేతులతో అందుకుని, తిప్పి, సందులో అమర్చాడు. సరిగ్గా కూర్చుంది. అప్పుడు దాని మొహం చూశాను. నున్నగా, కొత్తగా ఉంది. జాకీ గుర్తు ఒక్కటి లేదు. ఏడాదిగా చెప్పలేనిది ఆ రాయే చెప్పేసింది. అందరితో పాటు నేనూ మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి జంపఖానా పరిచాను. రెండో కన్ను ఆపరేషన్ మంగళవారం. పసుపు ముందా, సబ్బు ముందా? మద్రాసు ఏ చివర? ఎటు పరిచినా నాకు ఆ జంపఖానాలో దోవ కనిపించలేదు. ఏది వదిలిపెట్టవద్దని ఆయన దొంగతనంగా పెట్టాడో దాన్నే ఆయనకిచ్చి వచ్చాను. మంచి పని చేశానా, పిచ్చి పని చేశానా తెలియదు. ఊళ్ళో రాళ్ళు తొక్కుకుంటూ తిరిగి కూడా రెండు రోజులు ఒక్క రాయి ఎంచుకోలేకపోయాను.

శనివారం ఆవిణ్ణి బండిలో కూర్చోబెట్టి, తెచ్చిన పలకలు ఒక్కొక్కటే కాళ్ళ కింద పెట్టి చూశాను. "ఎత్తు", "వంకర", "ఇది కాదు" అంటూ పోయింది. "అసలు అన్న రాయి ఏదండీ?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"ఆయనకే."

ఆవిడ పాదంతో పలకను పక్కకు నెట్టింది. తర్వాత, "మరి పుస్తకాల సంగతి చెప్పారా?" అంది.

"చెప్పినట్టే."

పలకల్లో ఒకటి తీసి నేల మీద పెట్టి, దాని మీద జాకీ నిలబెట్టి తిప్పాను. బండి ఒక పక్కకు లేచింది. "ఇంకా సోమవారం కాలేదు గదండీ, ఎక్కడికి?" అంది ఆవిడ, సీటు గట్టిగా పట్టుకుని. జాకీ దించి చూస్తే రాతి మీద తెల్లగా, గుండ్రంగా నొక్కు పడింది. తుడవకుండా అలాగే తీసుకెళ్ళి ఆవిడ పాదాల కింద పెట్టాను. వంగి చూడలేదు ఆవిడ, కళ్ళద్దాలు లేకుండా చూసినా ఆనదు. బొటనవేలితో రాయంతా తడుముకుంటూ వచ్చి, ఆ నొక్కు దగ్గర ఆపి, పాదం అక్కడే ఉంచింది.