ఊసరవెల్లి పగటి నిద్ర

మొన్న ఇక్కడే, మా ఎడారి ఊరు చాండ్లర్‌లో, ఒక పుట్టినరోజు విందులో కొత్తగా ఊసరవెల్లిని కొన్న ఇంజనీరొకడు పులిహోర ప్లేటుతో నా పక్కన చేరాడు. "అంకుల్, మీ ఇంట్లో కూడా ఒకటుందట కదా, ఎలా మేనేజ్ చేస్తున్నారు?" అన్నాడు. అడగడమే ఆలస్యం. నా గొంతు వింటే అది పచ్చగా మారుతుందనీ, పేరు పెట్టి పిలిస్తే కొమ్మ దిగి వస్తుందనీ, ఈ ఎడారిలో ఊసరవెల్లిని అంత నిగనిగలాడేలా పెంచినవాడు నేను తప్ప మరొకడు లేడనీ చెప్పాను. అతను ఫోన్‌లో రాసుకోవడం మొదలుపెట్టేసరికి కాస్త భయం వేసింది గానీ, ఆగలేదు.

నిజానికి అది నన్ను చూస్తే నల్లబడుతుంది. భయం వేసినా చిరాకేసినా దాని పద్ధతి అంతే. ఇక పిలిస్తే రావడానికి, దానికి బయటికి చెవులే లేవు.

అది మా మనవరాలిది. కాలేజీ హాస్టల్లో ఉంచుకోనివ్వరని, వాళ్ళ అమ్మానాన్నల్ని కాదని నాకు అప్పగించి వెళ్ళింది. "తాతా, దాన్ని పట్టుకోవద్దు, జస్ట్ చూడు. వాటర్ మాత్రం మిస్ చేయకు. నేను నిన్నే ట్రస్ట్ చేస్తున్నా," అంది. ఆ మాటతో నేను జానెడు ఎత్తు పెరిగాను.

నేనేం తక్కువ చేశాను? జన్మలో గుడ్డు ముట్టని ఈ చేతులతో, దాని మేతకు తెచ్చిన కీచురాళ్ళకు కాల్షియం పొడి, బజ్జీలకు పిండి పట్టించినట్టు పట్టించి వేసేవాణ్ణి. పొద్దున పంజరం పైని ఎండదీపం వేసి సాయంత్రం ఆర్పేవాణ్ణి. ఒక్క నీళ్ళ దగ్గరే సొంత తెలివి వాడాను. ఆకుల మీద తుంపర చల్లే యంత్రం ఒకటుంది. అది సరిగ్గా నా భోజనానంతరపు కునుకు వేళకే బుస్సుమనేది. దాన్ని ఆపేసి, పిచ్చుకలకు పెట్టినట్టు స్టీలు గిన్నెలో నీళ్ళు పెట్టాను. కొన్నాళ్ళకు ఊసరవెల్లి కూడా మధ్యాహ్నాలు కళ్ళు మూసుకోసాగింది. నా అలవాటు అబ్బిందని మురిసిపోయి మనవరాలికి ఫోటో పంపాను.

ఆ పిల్ల ఏడుస్తూ ఫోన్ చేసింది. ఊసరవెల్లి పగలు నిద్రపోదట. నిద్రపోయిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టేనట. నిలవున్న నీళ్ళు దాని కంటికి నీళ్ళే కావట. ఆకు మీంచి జారే చుక్కనే తాగుతుందట. వెళ్ళి చూస్తే దాని కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. యంత్రం వేస్తే, ఇక్కడి నీళ్ళలోని సున్నం పేరుకుని దాని గొట్టం పూడుకుపోయింది. డాక్టర్ అపాయింట్‌మెంట్ మర్నాటికి గానీ లేదు. అప్పుడు ఖాళీ పెరుగు డబ్బా అడుగున సూదితో చిల్లు పొడిచి, శివుడికి ధారాపాత్ర కట్టినట్టు పంజరం పైన కట్టాను. కుర్చీ వేసుకుని, రెప్ప వాల్చకుండా కూర్చున్నాను. ఆకు మీద చుక్క, చుక్క వెనక చుక్క. ఎంతసేపటికో ఒక కన్ను తెరిచింది. తర్వాత మూతి ఆకుకు ఆనించి తాగింది.

మర్నాడు డాక్టరమ్మ మందిచ్చి, ఆ డబ్బా ఫోటో చూసి, దాన్ని తీయొద్దంది. ఇవాళ ఊసరవెల్లి లేత అరిటాకులా ఉంది. సెలవులకు వచ్చిన మనవరాలు దాన్ని చూసి, తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ నాకే అప్పగించింది. నా వయసులో రోజులు హైవే మీద కార్లలా దూసుకుపోతాయి. ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం చుక్కచుక్కగా గడిచింది.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె కూర తరగడం ఆపలేదు.

"డబ్బా కట్టింది నేను. అది మొదటి చుక్క తాగేటప్పటికి మీరు ఆ కుర్చీలోనే గురక పెడుతున్నారు."