లాకు గోడల మధ్య

ఆమెను మొదటిసారి చూసినప్పుడు ఆమె రెండు చేతులూ ముందుకు కలిపి కట్టేసి ఉన్నాయి. వలకు వాడే సన్నతాడు అది, మణికట్టు దగ్గర చర్మంలోకి దిగిపోయింది. కాకినాడ కాలవ రేవులో ఎండ ఎక్కుతున్న వేళ ఆమె అన్న ఆమె భుజం పట్టుకుని పడవ దగ్గరికి నడిపించుకొచ్చాడు. బస్తాలు మోస్తున్న కూలీలు ఆమెను చూసి పక్కకు తప్పుకున్నారు. నాకూ తప్పుకోవాలనే అనిపించింది. కానీ ఆమెను రాజమండ్రి దాకా తీసుకెళ్ళాల్సిన మనిషిని నేనే.

అప్పటికి నాకు నిండా ఇరవై ఏళ్ళు లేవు. ఊహ తెలియని వయసులో పెళ్ళి చేశారు. ఊహ తెలిసేసరికి విధవనయ్యాను. రాజమండ్రిలో ఆడవాళ్ళ కోసం పెట్టిన చిన్న ఆసుపత్రిలో మా మేనత్త వంట చేసేది. ఆవిడే నన్ను అక్కడ చేర్చింది. పుళ్ళు కడగడం, కట్లు కట్టడం, పురిటి మంచం దగ్గర నిలబడడం నేర్చుకున్నాను. రక్తానికి భయపడేదాన్ని కాదు. మతి చెడిన మనుషులంటే మాత్రం చిన్నప్పటినుంచీ నాకు వణుకు. మా వీధిలో ఒకావిడ జుట్టు విరబోసుకుని గుమ్మాల్లోకి తొంగి చూసేది. ఆవిడ వస్తోందంటే నేను ధాన్యపు గాదె వెనక దాక్కునేదాన్ని.

మా డాక్టరు దొరసాని ఉప్పాడ వైపు ఊళ్ళలో రోగుల్ని చూస్తూ ఉండగా ఈమె కంటపడిందట. ఆసుపత్రికి తీసుకురమ్మని ఆమె అన్నకు చెప్పి, నన్ను కాకినాడలో దింపి, తాను ఇంకా పనులుండి అక్కడే ఆగిపోయింది. మా వైపు అప్పటికి రైలు రాలేదు. కాలవ పడవే దారి. నేను ఒంటరిగా ఎలా వెళ్ళనని ఏడ్చినంత పని చేశాను. దొరసాని తన పుస్తకాల తెలుగులో నిదానంగా చెప్పింది.

"ఆమెకు అబద్ధము చెప్పవద్దు. నీవు ఏమి చేయబోవుదువో ముందుగా చెప్పుము. ఆమె మాట్లాడిన యెడల వినుము. అంతకంటె మందు నా యొద్దను కూడ లేదు."

ఆ మాటలు నాకు ధైర్యమివ్వలేదు. మందు లేదని డాక్టరే చెబితే ఇంకేం ధైర్యం?

పడవ ఎక్కేముందు ఆమె అన్న నన్ను పక్కకు పిలిచాడు. బలమైన మనిషి, సముద్రంలో వేటకు వెళ్ళేవాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"జాగ్రత్తండి నర్సమ్మగారూ. దగ్గరికెళ్ళకండి. మా ఇంటిదాని చెయ్యి కొరికేసిందండి, కండ ఊడొచ్చేసింది."

"ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"మొన్న గాలివానకండి. సముద్రం ఏటేటా మా ఇళ్ళ మీదకొచ్చేత్తంది కదండీ. ఆ రోజు గోడ కూలిపోతంటే పిల్లని చంకనేసుకుని బయటికొచ్చింది. కెరటం కొట్టేసిందండి. ఈవిడ ఒడ్డున పడింది. పిల్ల దొరకలేదు."

"ఆమె భర్త?"

"బయపడిపోయి వాళ్ళమ్మ దగ్గరికెళ్ళిపోయాడండి. బూతవైద్యుడి చేత వాతలు కూడా ఎట్టించాం. తగ్గలేదు."

గూడు పడవలో ఆమెను ఒక మూల కూర్చోబెట్టారు. ఎదుటి మూల నేను కూర్చున్నాను. అన్న గూడు బయట, పడవ నడిపే సరంగు పక్కన కూర్చుని మావైపు వీపు తిప్పేశాడు. గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు కట్టి పడవను లాగుతున్నారు. లోపల ఆమె, నేను, మా మధ్య ఒక నీళ్ళ ముంత.

ఆమెకు ముప్ఫై దాటి ఉండవు. చెంప మీద, మెడ దగ్గర వాతలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. కళ్ళు మూసేది కాదు. ఎంతసేపూ పడవ అడుగు చెక్కల వైపే చూస్తోంది. ఒక్కోసారి తల వంచి చెవి చెక్కకు ఆనించేది. కింద నిజంగానే ఏదో ఉందేమోనని నేను కాళ్ళు పైకి ముడుచుకున్నాను.

దొరసాని చెప్పింది గుర్తు చేసుకుని నోరు తెరిచాను.

"అక్కా, నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. మనం రాజమండ్రి వెళుతున్నాం."

ఆమె తల ఎత్తలేదు.

"దాహం వేస్తే చెప్పు. ముంత నేనే పట్టుకుంటాను."

ఆమె ఒక్కసారిగా నావైపు తిరిగి నా తెల్లచీరను కిందనుంచి పైదాకా చూసింది. "నీకెవరు పోయారు?" అంది.

"మా ఆయన. నాకు ఆయన ముఖం కూడా గుర్తులేదు."

"నేనంటే బయమా?"

భయం లేదనబోయాను. ఆసుపత్రిలో రోగులకు అలాగే చెప్పేవాళ్ళం, ఏం ఫరవాలేదమ్మా అని. కానీ నా చేతులు వణుకుతున్నాయి, ఆమె వాటినే చూస్తోంది.

"భయమే అక్కా," అన్నాను.

ఆమె మళ్ళీ చెవి చెక్కకు ఆనించింది. నన్ను తిడుతుందనో మీదపడుతుందనో చూశాను. అదేం జరగలేదు. నా భయం మాత్రం అలాగే ఉంది. దాన్ని దాచుకునే బాధ ఒక్కటి తప్పింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి మొదటి లాకు వచ్చింది. కాలవలో నీళ్ళ మట్టం పైన ఒకలా, కింద ఒకలా ఉంటుంది కదా. పైకి వెళ్ళే పడవను రెండు పెద్ద తలుపుల మధ్య నిలిపి, కింది తలుపు మూసి, పైనుంచి నీళ్ళు వదులుతారు. నీళ్ళతోపాటు పడవ కూడా పైకి లేస్తుంది. నేను అంతకుముందు లాకు దాటినప్పుడు గట్టు మీద నడిచి వెళ్ళాను. పడవలో కూర్చుని దాటడం అదే మొదటిసారి.

రెండు పక్కలా పాకుడు పట్టిన రాతిగోడలు మా మీదకు వంగినట్టు నిలబడ్డాయి. ఎండ ఆగిపోయింది. బావిలోకి దింపినట్టుంది. వెనక తలుపు పెద్ద చప్పుడుతో మూసుకుంది. అంతలో ముందు తలుపు కింద తూముల్లోంచి నీళ్ళు ఉరికాయి. తెల్లటి నురగ, చెవులు చిల్లులు పడే హోరు. పడవ అటూ ఇటూ కొట్టుకుని గోడకు రాసుకుంది.

ఆమె కేక పెట్టింది. అలాంటి కేక నేను పురిటి గదుల్లో కూడా వినలేదు. కట్టిన చేతులతోనే పడవ అంచు మీదకు ఎగబాకింది. అన్న లోపలికి దూకి ఆమె నడుం పట్టుకున్నాడు. ఆమె వాడి భుజం కొరికింది. పడవ ఒక పక్కకు ఒరిగి ముంత దొర్లిపోయింది. సరంగు పైనుంచి, "పట్టుకోండి, కూకోబెట్టండి, పడవ తిరగబడిద్ది!" అని అరుస్తున్నాడు. నాకు ఈత రాదు. ఇక్కడే చచ్చిపోతాను అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆ హోరులో ఆమె మాటలు నాకు వినబడ్డాయి.

"ఇచ్చేత్తన్నారు! నన్ను సంద్రానికిచ్చేత్తన్నారు! అందుకే చేతులు కట్టేశారు!"

నేను అన్న వైపు చూశాను.

"ఎవరు చెప్పారామెకి ఆ మాట?" అని అరిచాను.

"బూతవైద్యుడండి. పిల్ల చాల్లేదు, తల్లిని కూడా సంద్రం అడుగుతందన్నాడు. అది వినేసింది."

"పడవలో ఎక్కడికి తీసుకెళ్తున్నారో మీరెవరైనా ఆమెతో చెప్పారా?"

వాడు లేదన్నట్టు తల ఊపాడు. మతిలేని మనిషికి ఏం చెబుతామని ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను గానీ, చేతులు కట్టి నీళ్ళ మీదకు తీసుకెళ్ళేవాళ్ళు చెప్పే మాట ఆమె ఎందుకు నమ్ముతుంది?

అప్పుడు నేను చేసింది ధైర్యంతో చేసింది కాదు. పడవ తిరగబడితే చేతులు కట్టేసి ఉన్న ఆ మనిషి ఎలా మునిగిపోతుందో నా కళ్ళ ముందు కనబడింది. అది చూడలేకపోయాను. మోకాళ్ళ మీద పాకుతూ ఆమె ముందుకు వెళ్ళాను.

"అక్కా, ఇది సముద్రం కాదు. కాలవ లాకు. నీళ్ళు మనల్ని పైకి ఎత్తుతాయి. నాకూ ప్రాణాలు పోతున్నాయి భయంతో. ఇప్పుడు నీ కట్టు విప్పుతాను. విప్పనా?"

"వద్దండీ!" అన్నాడు అన్న.

ఆమె నా ముఖంలోకి చూసింది. చేతులు నా ముందుకు చాపింది.

ముడి తడిసి బిగుసుకుపోయింది. వేళ్ళతో రాలేదు. వంగి పళ్ళతో లాగాను. నా మెడ ఆమె నోటికి అంత దగ్గరగా ఉంది. ఆమె ఊపిరి నా చెవి మీద వేడిగా తగులుతోంది. ఇప్పుడు కొరుకుతుంది, ఇప్పుడు కొరుకుతుంది అనుకుంటూనే లాగాను. ముడి వీడింది. మరుక్షణం ఆమె రెండు చేతులూ నా జబ్బల్ని పట్టుకున్నాయి. గోళ్ళు దిగాయి. నన్ను తనతోపాటు నీళ్ళలోకి లాగేస్తుందని కళ్ళు మూసుకున్నాను.

ఆమె లాగలేదు. పట్టుకుని ఉంది, అంతే. నేనూ ఆమెను పట్టుకున్నాను. ఇద్దరం ఒకరి వణుకు ఒకరికి తెలిసేంత దగ్గరగా ఉన్నాం. చూస్తూ ఉండగానే గోడలు కిందికి దిగిపోయాయి. ఎండ తగిలింది. హోరు తగ్గింది. ముందు తలుపు తెరుచుకుని గట్టు మీద కొబ్బరిచెట్లు, లాకు మనిషి గొడుగు కనబడ్డాయి.

తరవాత పడవ సాగుతుండగా ఆమె మళ్ళీ చెవి చెక్కకు ఆనించింది.

"వినబడతందా?" అని అడిగింది.

"నాకు వినబడడం లేదక్కా. నీకేం వినబడుతోంది?"

"నా పిల్ల గోకుతంది. పైకి తియ్యమంటంది."

అక్కడ ఏమీ లేదు అనడం తేలిక. వినబడుతోంది అనడం ఇంకా తేలిక. రెండూ అనలేదు. "పిల్లను ఏమని పిలిచేదానివి?" అన్నాను. చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. అలలొచ్చినప్పుడు పిల్ల కేరింతలు కొట్టేదనీ, ఇసకపీతలంటే భయమనీ, చేపల పులుసు ముద్ద నోట్లో పెడితే కారానికి నాలుక బయటపెట్టేదనీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. గూడు బయట ఆమె అన్న కూడా తలపాగా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పిల్ల పోయాక ఆమె ఏడవడం అదే మొదటిసారి అని తరవాత చెప్పాడు.

మిగతా లాకుల దగ్గర నేను ముందే చెప్పేదాన్ని. ఇప్పుడు తలుపు మూస్తారు, ఇప్పుడు హోరు వస్తుంది అని. ప్రతిసారీ ఆమె నా జబ్బ పట్టుకునేది. ధవళేశ్వరంలో దిగి, ఎడ్లబండి మీద ఆసుపత్రికి చేరేసరికి నా రెండు చేతులూ కమిలిపోయి ఉన్నాయి.

అక్కడితో ఆమెకు నయమైపోయిందంటే అబద్ధమవుతుంది. ఆసుపత్రిలో కొన్నాళ్ళు అన్నం ముట్టలేదు. కొన్నాళ్ళు గోడకేసి తల కొట్టుకుంది. ఆమె గదిలోకి వెళ్ళేముందు నేను గుమ్మంలో ఆగి, "అక్కా, నేనే, లోపలికి వస్తున్నాను" అనేదాన్ని. ఒక్కోరోజు "రావొద్దు" అనేది. అప్పుడు గుమ్మంలోనే కూర్చునేదాన్ని. నిజం చెప్పాలంటే, రావొద్దన్న రోజున నాకు ప్రాణం కుదుటపడేది.

వానాకాలంలో గోదావరి పొంగింది. ఒక మధ్యాహ్నం ఆమె గేటు దాటి రేవు వైపు పరుగెత్తింది. అప్పటికి తిరిగొచ్చిన దొరసాని వేరే రోగి దగ్గర ఉంది. నేను వెనకే పరుగెత్తాను. ఆమె మెట్లు దిగి, ఎర్రటి నీళ్ళు పాదాలకు తగిలే చోట నిలబడింది. చెట్ల కొమ్మలు, గడ్డివాములు కొట్టుకుపోతున్నాయి. పట్టుకుంటే దూకుతుందేమో, పట్టుకోకపోతే దూకుతుందేమో నాకు తెలియలేదు. మెట్టు మీద చతికిలబడ్డాను.

"అక్కా, నేను నీ వెనకే ఉన్నాను. నాకు చాలా భయంగా ఉంది. నువ్వు దూకితే నేను ఆపలేను. దూకొద్దని అడుగుతున్నాను."

ఆమె వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకుని నాలుకతో తాకింది.

"తియ్యగున్నాయి," అంది. "నా పిల్ల ఈ నీళ్ళల్లో లేదు."

వచ్చి నా పక్కన కూర్చుంది. ఒళ్ళంతా చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోతున్నది నేనే. ఆమె తన తడిచెంగు పిండి నా ముఖం తుడిచింది.

పంటలు కోతకొచ్చే రోజుల్లో ఆమె అన్న ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాడు. చెల్లెలు గుమ్మంలోనే వాడితో చెప్పింది. "కట్టకూడదు. వాతలెట్టకూడదు. ఎక్కడికి తీసుకెళ్తన్నా ముందు నాతో చెప్పాలి." వాడు ఆయ్, ఆయ్ అంటూ తల ఊపాడు. మళ్ళీ లాకుల మీదుగానే వెళ్ళాలి కదా, ఎలాగో ఏమో అని వాళ్ళు పడవలో ఉండే ఆ రెండు రోజులూ నాకు అన్నం సహించలేదు.

తరవాత ఒకసారి అన్న ఒక్కడే వచ్చి కబురు చెప్పాడు. సముద్రానికి దూరంగా పాక వేసుకున్నారట. ఆమె ఎండుచేపల గంప ఎత్తుకుని మెట్ట ఊళ్ళలో అమ్ముకొస్తోందట. మనసు బాగోలేని రోజున తానే వదినతో, "ఇవాళ బాగోలేదే, నా పక్కన కూకో" అంటుందట. కొరికించుకున్న ఆ వదినే వచ్చి పక్కన కూర్చుంటుందట. భర్త మాత్రం తిరిగి రాలేదు.

ఆ తరవాత అలాంటి వాళ్ళను ఎందరినో చూశాను. నాకు భయం పోయిందా అని ఆసుపత్రి పనిలో కొత్తగా చేరే పిల్లలు అడుగుతారు. పోలేదు. ఇప్పటికీ కొత్త మనిషి గది ముందు నిలబడితే నా అరచేతులు తడుస్తాయి. చీరకు తుడుచుకుని, లోపలున్న మనిషికి నేనెవరో చెప్పి, రావచ్చా అని అడుగుతాను.