తంగేడు సంచి, నాలుగు పత్రికలు

మాదాపూర్‌లో ఆ తొమ్మిదంతస్తుల అద్దాల భవనం రెండో గేటుకు కాపలా బాలనర్సయ్య. పదకొండేళ్లుగా ఆయన కొట్టిన సెల్యూట్ల గాలినంతా పోగేస్తే ఆ భవనానికి ఏసీలే అక్కర్లేదు. నమ్మనివాళ్లు నమ్మకపోతే వాళ్లకే నష్టం. మెదక్ జిల్లా నుంచి వచ్చి మూసాపేటలో కిరాయికి ఉంటున్న ఈ మనిషికి గొప్పంటే ఒక్కటే: తన గేటు దగ్గర ఏ వస్తువూ రిజిస్టరుకెక్కకుండా ఉండదు. దోమ దూరినా పేరు, ఊరు, వచ్చిన పని రాయించుకుంటాడని తోటి గార్డులు ఆటపట్టించేవాళ్లు.

ఆ పొద్దున ఆయన నాలుగు పత్రికలు చంకన పెట్టుకుని డ్యూటీకి నడిచి వస్తున్నాడు. తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెలో బస్సులు బందయ్యాయి. ఉన్నా ఎక్కేవాడు కాదు. ఒకచోట కూర్చునే స్థితిలో లేడు. నాలుగు అడుగులకోసారి ఆగి ఒక పత్రిక తీసి చదవడం, మడవడం, మళ్లీ తీయడం.

నాలుగింటిలోనూ నిన్న తన గేటు దగ్గర జరిగిందే వార్త. ఒకటి టిఫిన్ బాక్సు బాంబు అంది. ఇంకొకటి జీడిమెట్ల నుంచి తెచ్చిన రసాయనం అంది, గులాబీ రంగులో కారిందట. మూడోదాంట్లో అప్రమత్తుడైన గార్డు సంచిని గుర్తుపట్టి వందల ప్రాణాలు కాపాడాడు. నాలుగోదాంట్లో అదే గార్డు సంచిని చూసి పారిపోయాడు. బాంబు లేదని తేలిన సంగతి మాత్రం నాలుగింటిలోనూ చీమ తలకాయంత అక్షరాల్లో చివర ఉంది.

"కాపాడినోడు ఒకడు, ఉరికినోడు ఒకడు. ఇద్దరు గార్డులున్నరా ఆడ?" అని బయల్దేరేముందు ఇంట్లో పెళ్లాం అంజమ్మ అడిగింది.

"ఒక్కణ్నే."

"మరి ఏది నిజం?"

"ఒక్కటి గూడ కాదు."

"గట్లయితే ఏమైంది?"

ఆయన చెప్పులేసుకుని పత్రికలు చంకన పెట్టుకున్నాడు.

ఏమైందో తెలిసింది ఇద్దరికే. రెండో మనిషి బుచ్చమ్మ, కోకాపేట పాత ఊరామె, ఆ భవనంలో ఊడ్చి తుడుస్తుంది. బతుకమ్మ రోజులు కదా, నిన్న పొద్దున వచ్చే దారిలో తంగేడు, గునుగు పూలు కోసి తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టింది. గునుగుకు అద్దడానికి గులాబీ రంగు పొట్లం కూడా పెట్టుకుంది. సంచి పట్టీ తెగితే ఆఫీసు చెత్తలో దొరికిన రంగురంగుల కంప్యూటర్ వైర్లతో బిగించింది. ఆ వైర్లతో ఊడ్చేవాళ్లు కట్టనిదేముంది, చీపుర్లు, చెప్పులు, గొడుగులు అన్నీ వాటితోనే. పనివాళ్ల సంచులు లోపలికి రానివ్వరు. గేటు దగ్గరే నంబరు బిళ్ల కట్టి, రిజిస్టరులో రాసి పెట్టాలి.

"గౌరమ్మ పూలకు బిళ్ల కడ్తవా అన్నా?" అందామె.

బాలనర్సయ్య చెయ్యి ఆగిపోయింది. బిళ్ల కట్టలేదు, రాయలేదు. పూలు వాడిపోకుండా జనరేటర్ వెనక నీడలో తానే పెట్టాడు. తర్వాత పది నిమిషాలు మంచినీళ్ల క్యాను కోసం పోయాడు. అంతలో మొదటి గేటు గార్డు చూశాడు: తడి సంచి, రంగురంగుల వైర్లు, రిజిస్టరులో లేదు. పోలీసులకు ఫోన్ కొట్టాడు. తిరిగొచ్చేసరికి పోలీసులు తాడు కట్టేశారు. "అవి పూలు సార్" అని మూడుసార్లు అన్నాడు. "వెనక్కి జరుగు" అని మూడుసార్లు విన్నాడు. గొట్టంతో నీళ్లు కొడితే గులాబీ రంగు రోడ్డంతా పారింది. టీవీవాళ్లకు అంతకంటే ఏం కావాలి.

ఈ పొద్దున ఆయన డ్యూటీకి చేరేసరికి సూపర్‌వైజర్ మహేందర్ తన గదిలో తెల్లకాగితం, పెన్ను సిద్ధంగా పెట్టుకున్నాడు.

"కూసో నర్సన్నా. మూడో పత్రికల ఉన్నట్టే రాసియ్యి. నేనే చూసిన, నేనే ఫోన్ కొట్టిన అని. శాలువా గూడ కప్పుతమంటున్నరు. లేకుంటే నాలుగోదే నిజమైతది, నౌకరి పోతది."

బాలనర్సయ్య కూర్చోలేదు. "మరి సంచి ఎవరు పెట్టిన్రని అడుగుతే?"

"అది పోలీసోళ్లు చూసుకుంటరు. బాంబు లేకున్నా, భయపెట్టనీకి సమ్మెల ఉన్నోళ్లు చేసిన పనని వాళ్ల అనుమానం. ఊడ్చేటోళ్లను ఒక్కొక్కల్ని పిలుస్తున్నరు."

అద్దంలోంచి బుచ్చమ్మ కనిపించింది. తుడిచిన బండనే నాలుగోసారి తుడుస్తోంది.

ఆయన గదిలో అటు నడిచాడు, ఇటు నడిచాడు. పత్రికలు బల్లమీద పడేశాడు. "నాలుగు పేపర్లోళ్లల్ల ఒక్కడన్న నన్ను అడిగిండా సారూ?"

"ఇప్పుడు నేను అడుగుతున్న గద."

"అయితే రిజిస్టరియ్యి."

నిన్నటి పేజీలో, బుచ్చమ్మ వచ్చిన ఎనిమిదింటి దగ్గర ఖాళీ లేదు. అంచులో, సన్నగా, వంకరటింకరగా రాశాడు: తంగేడు, గునుగు, రంగు పొట్లం, ఒక సంచి. తెచ్చింది బుచ్చమ్మ. రాయకుండ పెట్టింది బాలనర్సయ్య. నీళ్లకు పోయిన. పారిపోలే.

మహేందర్ రెండుసార్లు చదివాడు. "ఇది పైకి పోతే నీకు ఈ గేటు ఉండదే."

"తెలుసు. ఆమెను పిలుసుడైతే ఆపు."

ఆ పేజీ చూశాక పోలీసులు ఊడ్చేవాళ్లను పిలవడం మానేశారు. మధ్యాహ్నానికి బాలనర్సయ్యను టోపీ, ఈల ఒప్పజెప్పమన్నారు. రిజిస్టరులోని ఐదో కథ మాత్రం ఏ పత్రికా వేయలేదు.

గేటు దగ్గర బుచ్చమ్మ నిలబడి ఉంది. చేతిలో మళ్లీ సంచి.

"అన్నా, రేపటి సంది పూలు యాడ పెట్టాలె?"

"కొత్తోనికియ్యి. బిళ్ల కట్టించుకో, గౌరమ్మ ఏమనుకోదు."

రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు. కొత్త గార్డు చేతిలోంచి రిజిస్టరు తీసుకుని రాశాడు: బయటికి, బాలనర్సయ్య, రెండూ పది. సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊది, అప్పుడు గేటు దాటాడు.